పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలా?

షేర్ల వ్యాపారము – మన స్వభావము : కుటుంబాలకు ఒక పాఠము



సంవత్సరానికి సరిపడా బియ్యం కొనేటప్పుడు మనం బస్తాలోంచి నాలుగు గింజలు తీసి పంటి కింద వేసి చూస్తాం. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం. ఇంటి స్థలం కొనాలంటే కాగితాలు వకీలుకు చూపిస్తాం, పొరుగువారిని విచారిస్తాం, ఇంట్లో నెల రోజులు మాట్లాడుకుంటాం. ఇంత జాగ్రత్తగల మనిషే యాభై వేల రూపాయల షేర్లను బస్సులో నిలబడి, ఫోనులో రెండు నిమిషాల్లో కొనేస్తున్నాడు. ఎందుకు కొన్నావని అడిగితే "పెరుగుతోంది కదా" అంటాడు. ధర పడిపోయాక ఎందుకు అమ్మలేదని అడిగితే "మళ్లీ పెరుగుతుంది కదా" అంటాడు.

ఈ రెండు జవాబులూ మార్కెట్టు గురించి చెప్పినట్లే ఉంటాయి. కాని జాగ్రత్తగా వింటే, రెండూ ఆ మనిషి ఆశను గురించే చెబుతున్నాయి.

ఒకప్పుడు షేర్లు కొనాలంటే బ్రోకరు దగ్గరకు వెళ్లాలి, ఫారాల మీద సంతకాలు చేయాలి, పత్రాలు టపాలో వచ్చేవరకు వేచి ఉండాలి. ఆ ఆలస్యం మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఇచ్చేది. 1996లో మన దేశంలో డిపాజిటరీ ఏర్పడి, కాగితపు పత్రాలు క్రమంగా కంప్యూటరు ఖాతాలుగా మారాయి. ఆ తరువాత వ్యాపారమంతా సెల్‌ఫోనులోకి వచ్చింది. 2020 మార్చి నాటికి దేశంలో సుమారు 4 కోట్లు ఉన్న డీమ్యాట్ ఖాతాలు 2022 ఆగస్టులో 10 కోట్లు దాటాయి. కాబట్టి ఈ విషయం నేడు ఉపాధ్యాయుల ఇళ్లలోను, నర్సుల ఇళ్లలోను, ఇంజనీరింగు చదివే పిల్లల హాస్టలు గదుల్లోను ఉంది. ఏ షేరు కొనాలో చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు మన మనసు ఏం చేస్తుందో తెలుసుకుందాం.

ఒక చిన్న లెక్క

మీ దగ్గర రెండు కంపెనీల షేర్లు ఉన్నాయనుకోండి. రెండింటినీ 100 రూపాయల చొప్పున, చెరి 500 షేర్లు కొన్నారు. ఈ రోజు మొదటి కంపెనీ షేరు 140 రూపాయలు, రెండవది 60 రూపాయలు ఉంది. అమ్మాయి కాలేజీ ఫీజుకు 30,000 రూపాయలు కావాలి. మొదటి కంపెనీవి 215 షేర్లు అమ్మినా ఆ డబ్బు వస్తుంది. రెండవ కంపెనీవి 500 షేర్లూ అమ్మినా వస్తుంది. మీరు ఏవి అమ్ముతారు?

చాలామంది మొదటివే అమ్ముతారు. అవి అమ్మితే "లాభం కళ్లజూశాను" అనే తృప్తి కలుగుతుంది. రెండవవి అమ్మితే "ఇరవై వేలు పోగొట్టాను" అని తనకు తాను ఒప్పుకోవాలి, ఇంట్లో కూడా ఒప్పుకోవాలి. అమ్మనంత కాలం అది నష్టం కాదని మనసు సర్దిచెబుతుంది. "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి" అనే మాట ఇక్కడే మన నోటికి వస్తుంది.

కాని మనం ఎంతకు కొన్నామో ఆ షేరుకు తెలియదు. కంపెనీకి గిరాకీ పెరుగుతుందా, అప్పులు తీరుతాయా అన్న వాటికి, మన పుస్తకంలో రాసుకున్న 100 రూపాయలకు ఏ సంబంధమూ లేదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక మీదట ఈ రెండింటిలో ఏది నిలబడేలా ఉంది? పైగా ఆదాయపు పన్ను నిబంధనల మేరకు, షేర్ల మీద వచ్చిన నష్టాన్ని లాభాలలోంచి మినహాయించుకునే వీలు కూడా ఉంది. పన్ను లెక్క తెలిసిన మనిషి సైతం ఈ సందర్భంలో దాన్ని మరచిపోతాడు.

లాభంలో ఉన్నవాటిని తొందరగా అమ్మి, నష్టంలో ఉన్నవాటిని పట్టుకు వేలాడే ఈ అలవాటును 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు గుర్తించి దానికొక పేరు పెట్టారు. టెరెన్స్ ఓడీన్ అనే ఆచార్యుడు అమెరికాలో ఒక బ్రోకరు వద్ద ఉన్న 10,000 ఖాతాలను తీసుకుని, 1987 నుండి 1993 వరకు జరిగిన లావాదేవీలను పరిశీలించి, 1998లో ఫలితాలు ప్రకటించారు. లాభంలో ఉన్న షేర్లను మదుపరులు నష్టంలో ఉన్నవాటికంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువగా అమ్మారు. అమ్మివేసిన ఆ షేర్లే తరువాతి సంవత్సరంలో, వారు అట్టిపెట్టుకున్న నష్టపు షేర్లకంటే సగటున 3.4 శాతం ఎక్కువ రాబడి ఇచ్చాయి. పూచే చెట్టును నరికి, ఎండిన మోడుకు నీళ్లు పోసినట్లు జరిగిందన్నమాట.

నష్టమంటే ఎందుకింత భయం?

దీనికి జవాబు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలో దొరుకుతుంది. వారు 1979లో ప్రచురించిన వ్యాసంలో కొన్ని ప్రశ్నలున్నాయి. ఇజ్రాయెల్ దేశంలో కొందరిని ఇలా అడిగారు: మీకు ఖాయంగా 3000 పౌండ్లు కావాలా, లేక 4000 వచ్చే అవకాశం నూటికి 80 వంతులు, ఏమీ రాకపోయే అవకాశం 20 వంతులు ఉన్న పందెం కావాలా? ఆ రోజుల్లో అక్కడి సామాన్య కుటుంబపు నెలసరి ఆదాయం సుమారు 3000 పౌండ్లు. నూటికి 80 మంది ఖాయంగా వచ్చే 3000 కోరుకున్నారు.

తరువాత అదే ప్రశ్నను తిరగవేశారు. 3000 ఖాయంగా పోగొట్టుకుంటారా, లేక 4000 పోయే అవకాశం 80 వంతులు, ఏమీ పోకుండా బయటపడే అవకాశం 20 వంతులు ఉన్న పందెం ఆడతారా? ఈసారి నూటికి 92 మంది పందెమే కోరుకున్నారు.

గమనించండి. లాభం వచ్చేటప్పుడు జాగ్రత్తపడిన మనుషులే నష్టం ఎదురయ్యేసరికి జూదానికి సిద్ధపడ్డారు. వారంతా చదువుకున్నవారే. మనిషికి వంద రూపాయలు వచ్చిన సంతోషంకంటే, వంద రూపాయలు పోయిన బాధ సుమారు రెండింతలు ఉంటుందని ఆ శాస్త్రజ్ఞుల తరువాతి లెక్కలు చూపాయి. ఆ బాధను తప్పించుకోవడానికి మనిషి ఇంకా పెద్ద బాధను తెచ్చుకుంటాడు. ఈ కృషికి కానెమన్‌కు 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ట్వెర్‌స్కీ 1996లోనే మరణించారు.

మన దేశపు లెక్కలు

ఈ బలహీనత ఎక్కువ హాని చేస్తున్నది ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే వ్యాపారంలో. ఇవి కంపెనీలో వాటా కొనడం వంటివి కావు. ఫలానా గడువులోగా ధర పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదానిపై చేసుకునే ఒప్పందాలు. ధరల పతనం నుండి కాపాడుకోవడానికి వ్యాపారులకు ఇవి ఉపయోగపడతాయి. కాని మిగిలినవారి విషయంలో ఒకరి లాభం మరొకరి నష్టమే. పైగా ఇద్దరి నుండీ బ్రోకరు రుసుము, పన్నులు పోతాయి.

స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుండి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. తలకు సగటున సుమారు 2 లక్షల రూపాయలు పోయాయి. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు నూటికి ఒక్కరే. 2024-25 లెక్కల్లో కూడా నూటికి 91 మంది నష్టాల్లోనే ఉన్నారు.

ఆ అధ్యయనంలో తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన అంకె మరొకటి ఉంది. ఈ వ్యాపారం చేసేవారిలో 30 ఏండ్ల లోపు వారు 2022-23లో నూటికి 31 మంది ఉండగా, మరుసటి ఏడాదికి 43 మంది అయ్యారు. ఇంకొకటి: ఏటికేడు నష్టం వస్తున్నా, నష్టపోయినవారిలో నూటికి 75 మందికి పైగా ఆ వ్యాపారం మానలేదు. తెలివి తక్కువై మానలేదని అనుకోకండి. మానితే నష్టం ఖాయమవుతుంది. ఖాయమైన నష్టాన్ని భరించడంకంటే మరో పందెం తేలికని మనసు చెబుతుంది. ఇజ్రాయెల్‌లో 92 మంది ఇచ్చిన జవాబే ఇక్కడా వినబడుతోంది.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు

రెండవ బలహీనత మితిమీరిన ఆత్మవిశ్వాసం. మొదటి రెండుసార్లు లాభం వస్తే, మార్కెట్టంతా పెరుగుతున్నందువల్ల వచ్చిందని అనుకోము. మన తెలివివల్ల వచ్చిందనుకుంటాం. నష్టం వస్తే మాత్రం ప్రభుత్వం వల్లనో, చెప్పిన స్నేహితుడి వల్లనో వచ్చిందంటాం. ఆ విధంగా మన తెలివిని ఎన్నడూ పరీక్షకు పెట్టము.

ఓడీన్, ఆయన సహచరుడు బార్బర్ కలిసి 2000లో మరొక పరిశోధన ప్రచురించారు. 1991 నుండి 1996 వరకు 66,000కు పైగా అమెరికా కుటుంబాల ఖాతాలు చూశారు. ఆ కాలంలో మార్కెట్టు ఏడాదికి సగటున 17.9 శాతం రాబడి ఇచ్చింది. అందరికంటే ఎక్కువగా కొంటూ అమ్ముతూ ఉన్న కుటుంబాలకు దక్కింది 11.4 శాతం. ఊరికే కూర్చున్నవారు బాగుపడగా, చెమటోడ్చినవారు వెనుకబడ్డారు. మరుసటి ఏడాది వారే స్త్రీ పురుషుల ఖాతాలను పోల్చారు. పురుషులు స్త్రీలకంటే 45 శాతం ఎక్కువగా వ్యాపారం చేశారు. ఆ చేతి దురదవల్ల పురుషుల రాబడి ఏడాదికి 2.65 శాతం, స్త్రీల రాబడి 1.72 శాతం తగ్గింది. డబ్బు సంగతి ఆడవాళ్లకేం తెలుసనే భర్తలు ఈ అంకెలను ఒకసారి చదువుకోవాలి.

ఫిన్లాండ్ దేశంలో జరిగిన పరిశోధన ఇంకా విచిత్రమైనది. 2009లో ప్రచురితమైన ఆ వ్యాసంలో ఇద్దరు ఆచార్యులు మదుపరుల లావాదేవీలను, వాహనం అతివేగంగా నడిపినందుకు వారికి పడిన జరిమానాలను పక్కపక్కన పెట్టి చూశారు. జరిమానాలు ఎక్కువగా పడినవారే షేర్లు కూడా ఎక్కువగా కొని అమ్ముతున్నారని తేలింది. రోడ్డు మీద ఉన్న స్వభావమే మార్కెట్టులోనూ ఉంటుందన్నమాట. చాలామంది లాభం కోసం వ్యాపారం చేస్తున్నామనుకుంటూ, గుండె దడదడలాడే ఆ ఉత్సాహం కోసమే చేస్తున్నారు.

గొర్రెదాటు

మూడవది నలుగురూ పోయే దారిలో పోవడం. 1992 మొదట్లో సుమారు 1900 దగ్గర ఉన్న సెన్సెక్స్ ఏప్రిల్ 22న 4467కు చేరింది. షేరంటే ఏమిటో తెలియనివారు కూడా ఆ వేసవిలో షేర్లు కొన్నారు. అప్పుడే హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. ఏడాది తిరిగేసరికి సూచీ సుమారు సగానికి దిగింది. ఆలస్యంగా చేరినవారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

తెలివిగలవారికి ఈ ప్రమాదం లేదనుకోకండి. గురుత్వాకర్షణ సూత్రాన్ని కనుగొన్న ఐజక్ న్యూటన్ 1720లో సౌత్ సీ కంపెనీ షేర్లు మొదట లాభానికే అమ్మివేశాడు. ధర ఇంకా పెరుగుతూ, తోటివారు ధనవంతులవుతుంటే చూస్తూ ఉండలేక, ఎక్కువ ధరకు మళ్లీ కొన్నాడు. ఆ బుడగ పేలినప్పుడు చాలా డబ్బు పోగొట్టుకున్నాడు. గ్రహాల గమనాన్ని లెక్కకట్టిన మేధావి తన మనసు గమనాన్ని లెక్కకట్టలేకపోయాడు.

మన తెలుగువారికి తెలిసిన మరొక పాఠం సత్యం కంప్యూటర్స్. హైదరాబాదులో పుట్టిన కంపెనీ, మన పిల్లలు పనిచేసిన కంపెనీ అనే అభిమానం మనకుండేది. 2009 జనవరి 7న కంపెనీ అధ్యక్షుడే లెక్కలు తప్పని లేఖ రాసి ఒప్పుకున్నారు. సుమారు 180 రూపాయలున్న షేరు ఆ ఒక్క రోజే 40 దగ్గరకు పడిపోయింది. ఆ మోసాన్ని ముందుగా పసిగట్టకపోవడం చిన్న మదుపరి తప్పు కాదు. కాని పేరు తెలిసినంత మాత్రాన కంపెనీ తెలిసినట్లేనని నమ్మి, ఉన్నదంతా ఒక్కచోటే పెట్టడం మాత్రం మన చేతిలోని విషయమే. జీతమిచ్చే కంపెనీలోనే పొదుపు కూడా పెట్టినవారికి రెండూ ఒకేసారి కదిలిపోతాయి.

మీ స్వభావం ఏది?

కొందరు భయస్తులు. 2020 జనవరిలో సుమారు 42,000 ఉన్న సెన్సెక్స్ కరోనా భయంతో మార్చి 23 నాటికి 26,000 లోపుకు దిగింది. ఆ రోజుల్లో అమ్మి బయటపడినవారు, డిసెంబరు ఆఖరుకు అది 47,000 దాటడం బయట నిలబడి చూశారు. కొందరు మొండివారు. ఓర్పనే వారి సుగుణమే మునిగిపోతున్న కంపెనీ విషయంలో శాపమవుతుంది. కొందరు తొందరపాటువారు. కొందరు మొహమాటస్తులు, బావమరిది చెప్పాడని కొంటారు, అతడు చెప్పలేదని అమ్మరు.

స్వభావాన్ని మార్చుకోవడం కష్టం. కాని పశువు చేలో పడుతుందని తెలిసిన రైతు ముందుగానే కంచె వేస్తాడు. మన స్వభావానికీ అలాగే, మనసు నెమ్మదిగా ఉన్న రోజున కంచె వేసుకోవాలి. కొన్ని ఉపాయాలు:

1. మూడు నాలుగేండ్లలోపు కావలసిన డబ్బు – ఫీజులు, పెండ్లి, వైద్యం, ఇంటి ఖర్చు – షేర్లలో పెట్టకండి. అప్పు తెచ్చి అసలే పెట్టకండి.

2. కొనేముందు ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, ఎందుకు కొంటున్నారో, ఏం జరిగితే అమ్ముతారో రెండు వాక్యాలు రాయండి. రాయలేకపోతే కొనకండి.

3. కొనాలని తీర్మానించాక ఒక రాత్రి ఆగండి. మంచి కంపెనీ తెల్లవారేసరికి పారిపోదు.

4. ఆరు నెలలకొకసారి ప్రతి షేరు గురించీ ఇలా ప్రశ్నించుకోండి: "ఇది నా దగ్గర లేకపోతే, ఈ రోజు ఈ ధరకు కొంటానా?" కొననని జవాబు వస్తే, ఎందుకు ఉంచుకున్నారో ఆలోచించండి.

5. ధరలను రోజూ చూడకండి. రోజూ చూసేవారికి తగ్గుదలలు ఎక్కువగా కనబడతాయి. ఆ బాధతో తప్పుడు నిర్ణయాలు చేస్తారు. నెలనెలా కొంత మొత్తం ఇండెక్స్ ఫండు వంటిదానిలో, ఏండ్ల తరబడి వేయడం సామాన్య ఉద్యోగికి ఈ పోరాటాన్ని చాలావరకు తప్పిస్తుంది. అందులోనూ ధర తగ్గే కాలాలుంటాయి; కాబట్టి మొదటి ఉపాయం దానికీ వర్తిస్తుంది.

6. ఇంట్లో దాచకండి. ఈ ఆరింటిలో ఇదే ముఖ్యమైనది.

చెప్పుకోగలిగిన ఇల్లు

నష్టపోయిన మనిషిని మళ్లీ మళ్లీ పందేనికి పంపేది ఎక్కువగా సిగ్గే. "తిరిగి సంపాదించాక చెబుతాను" అనుకుంటాడు. అలా అనుకున్న రోజు నుండి అతడు ఒంటరివాడు. పి.ఎఫ్. డబ్బు తీస్తాడు, బంగారం తాకట్టు పెడతాడు, ఫోనులో దొరికే అప్పులు చేస్తాడు. ఇంట్లో మాత్రం మామూలుగా భోజనానికి కూర్చుంటాడు. ఇరవై వేల నష్టం ఇరవై లక్షలయ్యేది ఈ మౌనంలోనే.

కాబట్టి భార్యలకు, తల్లిదండ్రులకు ఒక మాట. మీ భర్తగాని, కుమారుడుగాని నష్టం సంగతి చెప్పుకున్న రోజున మొదట కేకలు వేయకండి. లెక్క అడగండి; ఎంత పోయింది, ఎంత అప్పు ఉంది, ఇంకా ఏం మిగిలింది అని కాగితం మీద రాయించండి. కోపం న్యాయమైనదే, కాని దానికి రేపు కూడా సమయముంటుంది. మొదటి నష్టాన్నే చెప్పుకోగలిగిన ఇంట్లో రెండవ నష్టం తప్పుతుంది. పిల్లవాడు నిద్రలేకుండా ఉంటే, తిండి మానేస్తే, ఎవరితోనూ మాట్లాడకపోతే డబ్బు సంగతి పక్కన పెట్టి ముందు అతడిని వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. పోయిన డబ్బును పోయిందని ఒప్పుకున్న చోట కుటుంబం మళ్లీ మొదలుపెట్టగలదు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలనే మాట ఉంగరానికి సరిపోతుంది. అది పడిన చోటే ఉంటుంది కాబట్టి. మార్కెట్టులో పోయిన డబ్బు అక్కడ ఉండదు.

కుటుంబంలో చర్చించుకోవడానికి :

1. మన ఇంట్లో షేర్లు, ఫండ్లు, అప్పులు ఎన్ని ఉన్నాయో భార్యాభర్తలిద్దరికీ తెలుసా?

2. పైన చెప్పిన స్వభావాలలో నాది ఏది? ఇంట్లోవారు కూడా అదే అంటారా?

3. మన పిల్లవాడు రేపు వచ్చి "నాన్నా, డబ్బు పోగొట్టాను" అంటే, మన నోటి నుండి వచ్చే మొదటి మాట ఏది?